రేపక్క ఫోన్ ఎప్పుడూ బిజీయే

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగలలేదు. పిల్లల దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ ఆమె రేపక్కే. బట్టలిచ్చి వెళ్ళి, చెప్పిన రోజుకు వచ్చి, "అయిందా అక్కా" అని అడిగిన ప్రతి మనిషికీ ఆమె చెప్పే జవాబు ఒక్కటే. "రేపు." ఆ మాట అనేటప్పుడు ముఖంలో తడబాటు ఉండదు, కంట్లో దాపరికం ఉండదు. అనే క్షణంలో ఆమె కూడా దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతుంది కాబట్టి విన్నవాళ్ళు కూడా నమ్మి వెళ్ళిపోతారు. మర్నాడు మళ్ళీ వస్తారు.

అంత తిప్పినా ఆమెను వదిలి వేరే దర్జీ దగ్గరికి వెళ్ళినవాళ్ళు తక్కువ. మేనమామ దుకాణంలో గుండీలకు కాజాలు తియ్యడంతో మొదలుపెట్టి, ఆయన కత్తెర చేతికిచ్చేదాకా నోరు మెదపకుండా పని నేర్చుకున్న మనిషి. ఆమె కుట్టిన కోటు తొడుక్కుంటే వంగిన భుజాలు కూడా నిటారుగా కనిపించేవి. పెళ్ళయ్యాక ఇంటి ముందుగదినే దుకాణం చేసుకుంది. కిటికీ పక్కన కుట్టుమిషను, గది మధ్యలో గుడ్డ కత్తిరించడానికి రెండు స్టాండ్ల మీద పరిచిన పాత తలుపు, గోడకు నిలువుటద్దం. వెనక ఒక తెర. ఆ తెర వెనక కుట్టినవి, కుట్టనివి, కుడుతూ వదిలేసినవి ఒకే మాదిరి మూటల్లో ఉండేవి. వాటి తేడా ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆమెకున్న ఒకే ఒక్క శత్రువు ఫోన్. సూదిలో దారం ఎక్కించబోతే మోగుతుంది. భుజం దగ్గర గుండ్రంగా కత్తిరిస్తుంటే మోగుతుంది. ఎత్తితే "అయిందా", ఎత్తకపోతే మళ్ళీ మోగుతుంది. డాక్టరుగారి భార్య ఒక గౌను ఇచ్చి రోజుకు ఆరుసార్లు చేసేది. ఇవి చాలవన్నట్టు ఆడపడుచు ఒకావిడ ఉంది. తన ఇంట్లో కుళాయి కారినా, పక్కింటివాళ్ళు గోడకు రంగు మార్చినా ఫోన్ చేసి, మొదటినుంచి చివరిదాకా చెప్పి, చివర్లో "ఇంతకీ ఎక్కడున్నాను" అని మళ్ళీ మొదలుపెట్టేది.

ఒకరోజు స్థలాలు అమ్మే కుర్రాడెవరో మధ్యాహ్నం నుంచి వదలకుండా ఫోన్ చేస్తుంటే రేపక్క విసిగిపోయి కూతురి చేతికిచ్చింది. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఒక్క మాట కూడా మాట్లాడకుండా వేలితో రెండుచోట్ల నొక్కి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"ఏం చేశావే?"

"బ్లాక్ చేశాను. ఇక రాడు."

"మళ్ళీ చేస్తే?"

"బిజీ అని వినపడుతుంది."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు తీసేదాకా."

రేపక్క చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టింది. "మనం ఇలా చేశామని అతనికి చెప్తుందా ఇది?"

"చెప్పదు. నువ్వు ఎవరితోనో మాట్లాడుతున్నావనుకుంటాడు."

"అంటే నేను తిట్టినట్టూ కాదు, ఎత్తనట్టూ కాదు."

"కాదు."

"ఇంత మంచి సంగతి ఇన్నాళ్ళూ కడుపులో దాచుకుని కూర్చున్నావా," అంది రేపక్క. అది ఎక్కడ నొక్కాలో రెండుసార్లు చూపించుకుంది. మూడోసారి తనే చేసి చూపించింది. ఆ మూడోసారికి బలైంది డాక్టరుగారి భార్య.

ఆ సాయంత్రం గది ఎంత ప్రశాంతంగా ఉందంటే, మిషను చక్రం తిరిగే చప్పుడు తనకే కొత్తగా వినిపించింది. మర్నాడు ఆడపడుచు. ఆ తర్వాత ముగ్గురు కాలేజీ అమ్మాయిలు. వారం తిరిగేసరికి రేపక్కకు ఒక పద్ధతి కుదిరిపోయింది. గుడ్డ తీసుకుంటుంది, కొలతలు తీసుకుంటుంది, చిరునవ్వుతో నంబరు రాసుకుంటుంది, మనిషి గడప దాటగానే బ్లాక్ చేస్తుంది. బట్ట కుట్టడం పూర్తయ్యాక తీసేసి, తనే ఫోన్ చేసి చెబుతుంది. ఎవరైనా నేరుగా వచ్చి నిలదీస్తే, "మీ ఫోన్ రాలేదే, నేను మీ ఫోన్ కోసమే చూస్తున్నాను" అనేది. అందులో అబద్ధం ఎంతో వెతికి పట్టుకోవడం కష్టం.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. నెమ్మదైన మనిషి. బస్సు ఆఖరి స్టాపులో ఆగినప్పుడల్లా ఇంటికి ఫోన్ చేసి, ఏం చేస్తున్నావని అడగడం అలవాటు. ఒకనాడు పని ఒత్తిడిలో ఆయన్ని కూడా మధ్యాహ్నం దాకా బ్లాక్ చేసిపడేసింది. ఆయన రాత్రి భోజనం దగ్గర కూర కలుపుకుంటూ, "పొద్దున్నంతా ఎవరితోనో తెగ మాట్లాడినట్టున్నావు," అన్నాడు. ఆమె నీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టి, "మీ చెల్లెలితోనే," అంది. ఆయన ఇంకేమీ అడగలేదు. చెల్లెలి మాటల పొడవు ఆయనకు తెలుసు.

ఇలా హాయిగా రోజులు దొర్లుతుండగా ఒక ఉదయం కూతురు టీ గ్లాసు పట్టుకుని మిషను పక్కన నిలబడింది. ఊరికే నిలబడే పిల్ల కాదు.

"అమ్మా, ఒకబ్బాయి ఉన్నాడు."

రేపక్క పాదం ఆపింది. "ఎక్కడ?"

"ఇక్కడ కాదు. సర్వేయరు. మా షాపులో కళ్ళజోడు చేయించుకున్నాడు."

"ఒక్క కళ్ళజోడుకే ఇంతదాకా వచ్చిందా?"

"మూడుసార్లు ఫ్రేము మార్చాడు," అంది కూతురు, గ్లాసులోకి చూస్తూ. "వాళ్ళమ్మగారు నీకు ఫోన్ చేసి మాట్లాడతారట. సరిగ్గా మాట్లాడు."

రేపక్కకు సంతోషంతో ఆ పూట కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది.

ఆ మర్నాడే, కూతురు పనికి వెళ్ళాక, పెద్ద చేతిసంచితో ఒకావిడ దుకాణానికి వచ్చింది. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. ముదురునీలం గుడ్డ ఇచ్చి, తనకు పొడవు కోటు కుట్టాలంది. కొలతలు తీసుకుంటున్నంతసేపూ ఆమె కళ్ళు గది నాలుగు మూలలా తిరిగాయి. గోడమీది కూతురి ఫోటో దగ్గర కాసేపు ఆగాయి. "మీ అమ్మాయా? ఏం చేస్తుంది?" అని కూడా అడిగింది. కస్టమర్లు మామూలుగా అడిగేదే అనుకుంది రేపక్క. ఆ వచ్చినావిడే సర్వేయరు తల్లి అని, ఫోన్లో మాట్లాడేముందు ఇల్లు వాకిలి తన కంటితో చూసుకుందామని కొడుక్కి కూడా చెప్పకుండా వచ్చిందని ఆమెకేం తెలుసు. నంబరు రాసుకుని, 'కోటు టీచరు' అని పేరు పెట్టుకుని, ఆవిడ గేటు దాటగానే రెండుచోట్ల నొక్కింది.

ఇక చూడండి. కోటు టీచరు ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. బిజీ. మర్నాడు చేసింది. బిజీ. మెసేజి పెడితే ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ కూతురు రోజూ పని నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగేది.

"ఫోన్ వచ్చిందా?"

"రాలేదే."

నాలుగు రోజులకు రేపక్కకు ముక్కు మీదికి కోపం వచ్చింది. "చేస్తానని చెప్పి చెయ్యకపోవడం ఏం పద్ధతి? అవతలివాళ్ళు ఎదురుచూస్తుంటారని ఉండక్కర్లేదా మనిషికి?" అని గుడ్డ కత్తిరిస్తూ తెర వెనక మూటలకు కూడా వినపడేలా అంది. అంటున్నప్పుడు ఆమెకు ఏ అనుమానమూ రాలేదు.

అక్కడ సర్వేయరు, మా అమ్మ రోజూ చేస్తోందన్నాడు. ఇక్కడ కూతురు, మా అమ్మకు ఒక్క కాలూ రాలేదంది. మా అమ్మ అబద్ధం చెప్పదని అతనన్నాడు. అయితే మా అమ్మ చెప్తుందా అని ఈ పిల్ల అంది. మాటమీద మాట పెరిగింది. ఒక సాయంత్రం కూతురు ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ దిండు కింద తోసేసింది.

"ఏమైందే?"

"బ్లాక్ చేశాను అతన్ని."

రేపక్క మంచం దగ్గరికి వచ్చింది. స్థలాలమ్మే కుర్రాణ్ణి, కస్టమర్లని బ్లాక్ చెయ్యడం వేరు. మంచం అంచున కూర్చుని కూతురి వీపు నిమిరింది. "అంత పని చెయ్యకు తల్లీ. అవతల మనిషి ఏమైపోతాడో ఆలోచించు."

"వాళ్ళమ్మకి నేను నచ్చలేదమ్మా. ఆ సంగతి చెప్పలేక నాటకాలాడుతున్నారు."

"నువ్వు నచ్చలేదంటే ఆవిడకి కళ్ళున్నాయా అసలు," అంది రేపక్క. ఆ రాత్రి నిద్రలో కూడా ఆ కనిపించని తల్లిని కడిగేస్తూనే ఉంది.

మర్నాడు స్కూలుకు సెలవు. కోటు టీచరు ఇక ఓపిక పట్టలేక నేరుగా దుకాణానికి వచ్చింది. గుమ్మంలో ఆమెను చూడగానే రేపక్క చేతిలో పని వదిలేసి, తెరకు అడ్డంగా నిలబడి, రోజూ నవ్వే నవ్వే నవ్వింది. కోటుకు వీపు, ముందు భాగాలు అయ్యాయి. చేతులకు గుడ్డ కత్తిరించింది కానీ కుట్టలేదు.

"ఫోన్ చేసి చేసి నా వేలు అరిగింది," అంది టీచరు, కూర్చోకుండానే. "సూటిగా అడుగుతున్నాను. మీకు ఇష్టమేనా, కాదా?"

"ఇష్టం లేకపోతే ఒప్పుకుంటానా మేడమ్? చూసిన మొదటిరోజే నచ్చింది నాకు," అంది రేపక్క, ఆ నీలం గుడ్డను తలుచుకుని.

టీచరు ముఖం కొంచెం మెత్తబడింది. "మరి ఉలుకూ పలుకూ లేదేం?"

"పనుల్లో పడిపోయాను. ఇంకెంతండీ, చేతులు కలపడమే మిగిలింది."

"మా వైపు నుంచి ఆలస్యమేమీ లేదు. మావాడు సరిగ్గా అన్నం తిని వారమైంది."

ఈవిడ కోటు కోసం ఇంట్లో ఎవరో అన్నం మానెయ్యడం రేపక్కకు వింతగానే అనిపించింది. కానీ కస్టమర్ల ఇళ్ళ సంగతులు తవ్వే అలవాటు ఆమెకు లేదు. "ఇంకొక్క రోజు ఆగమనండి," అంది.

"ఇంతకీ మీ అమ్మాయి ఏమంటోంది?"

"మా అమ్మాయికి ఇందులో పనేముంది మేడమ్? అంతా నేనే చూసుకుంటాను."

టీచరు కళ్ళజోడు సవరించుకుంది. "ఆ పిల్లని అడగనే లేదా మీరు?"

"దాన్ని అడిగేదేముంది? ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. కొలతలు సరిపోయాయా, ముందుకెళ్ళిపోవడమే."

"ఇన్నేళ్ళలోనా? ఇంతకుముందు కూడా చేశారా?"

"బోలెడు చేశానండీ. ఈ ఒక్క సీజన్లోనే ఇరవై దాకా అయ్యాయి. ఒకటి రెండు తిరిగొచ్చాయనుకోండి, నడుం దగ్గర కొంచెం పట్టేసిందని."

టీచరు అడక్కుండానే కుర్చీలో కూలబడింది.  "ఇరవై ఏమిటండీ?" అంది, బడిలో పిల్లవాడు తప్పు లెక్క చెప్పినప్పుడు అడిగినట్టు.

"కోట్లు."

"నేను కోటు గురించి రాలేదు. నేను సర్వేయరు వాళ్ళమ్మని."

గదిలో మిషను కూడా ఆగి ఉండడంతో ఆ మాట చాలా స్పష్టంగా వినిపించింది.  రేపక్కది అలవాటైన మెదడు కాబట్టి వెంటనే ఒక అబద్ధాన్ని అందించింది.

"అయ్యో, మీరా? మా ఫోన్ పాడైంది మేడమ్. పది రోజులుగా ఒక్క కాలూ రావడం లేదు."

టీచరు సంచిలోంచి తన ఫోన్ తీసి, రేపక్క నంబరు నొక్కింది. తలుపుబల్ల మీదున్న ఫోన్ కదల్లేదు, మెదల్లేదు. "చూశారా," అంది రేపక్క జాలిగా. ఆ మాట పూర్తి కాకముందే ఆ ఫోన్ బల్లంతా అదిరేలా మోగింది. మొగుడు చేస్తున్నాడు, బస్సు ఆఖరి స్టాపుకు చేరినట్టుంది.

ఇద్దరు ఆడవాళ్ళూ ఆ ఫోన్ మోగడం ఆగేదాకా దాన్నే చూశారు.

"పాడైన ఫోన్ బాగానే మోగుతోంది," అంది టీచరు.

ఇక దాచి లాభం లేదని రేపక్కకు అర్థమైంది. నీళ్ళు నమలడం కూడా రాలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉన్నదంతా చెప్పేసింది. స్థలాలమ్మే కుర్రాడితో మొదలుపెట్టి, డాక్టరుగారి భార్య, ఆడపడుచు, సొంత మొగుడు, అందరినీ వరసపెట్టి ఒప్పుకుంది. "మీరు కోటు ఇచ్చారు, మీ దారిన మీరు వెళ్ళారు, నా అలవాటున నేను నొక్కాను. మీరెవరో తెలిస్తే ఫోన్ గుండెకి కట్టుకుని తిరిగేదాన్ని. నా కూతురు రాత్రంతా ఏడ్చింది మేడమ్. ఆ ఏడుపు నేనే కుట్టిపెట్టానని ఇప్పుడే తెలిసింది." 

టీచరు తన ఫోన్ రేపక్క చేతిలో పెట్టింది.  

"ఎక్కడ నొక్కాలి?"

"ఏమిటి మేడమ్?"

"నా బళ్ళో పిల్లల తల్లిదండ్రులు ఎంతమందో మీకు తెలుసా? మా అబ్బాయికి ముందు బెంచీ కావాలి, మా అమ్మాయి పెన్సిలు ఎవరో తీశారు. ఆదివారం స్నానం చేస్తుంటే కూడా చేస్తారు. వాళ్ళకి తెలియకుండా అవుతుందన్నారు కదా, అదెలాగో చూపించండి."

రేపక్క కూతురు తనకు చెప్పినట్టే చెప్పింది. సరిగ్గా అప్పుడే టీచరు చేతిలో ఫోన్ మోగింది. కొడుకు. పొద్దున్నుంచి నాలుగోసారి, "వెళ్ళావా, మాట్లాడావా" అని. "వీడితోనే మొదలుపెడతాను," అని టీచరు రెండుచోట్ల నొక్కింది. ఫోన్ నిశ్శబ్దమైపోయింది. ఆమె ముఖంలో వెలిగిన సంతోషాన్ని రేపక్క గుర్తుపట్టింది. తన ముఖంలో కూడా అదే వెలిగి ఉంటుందని అనుకుంది.

ఆ తర్వాత కోటు బయటికి వచ్చింది. వచ్చినప్పుడే కొలత చూసేద్దామని రేపక్క టీచరును అద్దం ముందు నిలబెట్టి, చేతులకు కత్తిరించిన గుడ్డను భుజాల దగ్గర గుండుసూదులతో పట్టించింది. "కదలకండి, గుచ్చుకుంటాయి," అంది. ఇద్దరూ మాటల్లో పడ్డారు. పిల్లలు ఎక్కడ కాపురం పెట్టాలి, పెళ్ళికి ఎవరెవరిని పిలవాలి, ముఖ్యంగా ఎవరెవరిని పిలవకుండా తప్పించుకోవాలి.

అంతలో గేటు దడాలున తెరుచుకుంది. ప్రేమించిన పిల్ల ఫోన్ బిజీ, కన్నతల్లి ఫోన్ బిజీ, ఇద్దరు తల్లులూ ఒకరినొకరు ఏమనుకుంటున్నారోనని సర్వేయరు మోటారుసైకిలు మీద పరుగెత్తుకొచ్చాడు. తలుపు దగ్గర రొప్పుతూ నిలబడి చూస్తే, తల్లి రెండు చేతులూ చాచి, ఒంటినిండా గుండుసూదులతో బొమ్మలా నిలబడి ఉంది.

"అమ్మా, ఏమైంది నీకు?"

"ఏం కాలేదు. దగ్గరికి రాకు, సూదులున్నాయి."

"నీ ఫోనేమైంది?"

"బిజీ," అంది టీచరు, అద్దంలో రేపక్కను చూస్తూ.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కూతురు గుమ్మంలో సర్వేయరు చెప్పులు చూసి ఆగిపోయింది. లోపలికి వచ్చి జరిగింది విని, ముందు అతనివైపు చూడలేదు, తల్లివైపు చూసింది.  బల్ల మీది ఫోన్ తీసుకుని, అందులో బ్లాక్ అయి ఉన్న ప్రతివాళ్ళనూ ఒక్కొక్కరిగా విడిపించి తిరిగి ఇచ్చింది. తర్వాత తన ఫోన్ తీసి సర్వేయరుకు కనిపించేలా పట్టుకుని అతన్ని విడిపించింది. "ఫ్రేము వదులైంది, రేపు షాపుకి రండి, బిగిస్తాను," అంది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రేపక్క ఫోన్ మాత్రం అన్నం వడ్డించేలోపే మోగింది. ఆడపడుచు. ఇన్నాళ్ళ సంగతులన్నీ పోగుపడి ఉండడంతో చల్లారిన అన్నం ముందు కూర్చుని ఆమె "ఊఁ" కొడుతూనే ఉంది. కూతురు విధించిన శిక్ష అదేనని అందరికీ తెలుసు. ఎవరూ అడ్డుపడలేదు.

పెళ్ళి బాగా జరిగింది. వచ్చినవాళ్ళలో సగం మంది కస్టమర్లే. అక్కడే అసలు గుట్టు రట్టయింది. డాక్టరుగారి భార్య, కాలేజీ అమ్మాయిలు పక్కపక్కన కూర్చుని, "మీకూ బిజీయేనా", "మీకూనా" అని పోల్చుకున్నారు. అందరూ కలిసి రేపక్కను చుట్టుముట్టారు. అప్పటికే కొంచెం భయపడి ఉన్న ఆమె, పెళ్ళికూతురి తల్లి హోదాలో గట్టిగా ఒక మాటిచ్చింది. ఇకమీదట దుకాణానికి వేరే ఫోన్, వేరే నంబరు, దాంట్లో ఎవరినీ బ్లాక్ చేసేది లేదు. మాట నిలబెట్టుకుంది కూడా. బోర్డు మీద కొత్త నంబరు పెద్ద అక్షరాలతో రాయించింది.

ఆ ఫోన్ ఇప్పుడు మొగుడి చొక్కా జేబులో ఉంటుంది. రోజంతా మోగుతూనే ఉంటుంది. బస్సు నడుపుతూ ఫోన్ ఎత్తడం నేరం కాబట్టి ఆయన ఎత్తడు. చట్టానికి భయపడే మనిషిని ఎవరేమంటారు. ఆఖరి స్టాపులో బస్సు ఆపాక నెమ్మదిగా మంచినీళ్ళు తాగి, ఒక్కొక్కరికీ తిరిగి ఫోన్ చేస్తాడు. "నేను డ్రైవర్నమ్మా, మీ గౌను సంగతి నాకేం తెలుస్తుంది," అని ఎంతో మర్యాదగా చెబుతాడు. ఆయన మీద ఇంతవరకు ఒక్కరు కూడా కోప్పడలేదు.